హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నెమళ్లు తప్ప ఇంకేం కనిపిస్తాయి?

కొత్త బైనాక్యులర్:
ఈమధ్యే 8×42 బైనాక్యులర్స్ కొన్నాను. రోజూ పొద్దున కేబీఆర్‌లో గబగబా నడుస్తూ చెట్లకేసి చూస్తుంటాను. నెమళ్లు, గోరువంకలు తప్ప ఏదీ సరిగ్గా దొరకదు. ‘టుక్ టుక్’ అంటూ ఆపకుండా అరిచేది ఒకటుంది, మెడ పట్టేసేదాకా వెతికినా కనపడదు. ఏంటది? పైగా ఇప్పుడు మగ నెమళ్లకి తోకలు లేవు, ఎవరైనా పీకేస్తున్నారా? నీటి పిట్టలు అసలున్నాయా?

గచ్చిబౌలి కుర్రాడు:
కంసాలి పిట్ట బ్రో. మెర్లిన్ యాప్ వేసుకోండి, కూత విని పేరు చెప్పేస్తుంది.

మోకాళ్ల నొప్పుల వాకర్:
పేరు యాప్ చెబుతుంది బాబూ, పిట్టని చూపించదుగా. నాకు మోకాళ్లు అరిగి బెంచీ మీద కూలబడ్డాకే పిట్టలు కనపడటం మొదలైంది. మీరూ నడక ఆపి ఓ పావుగంట కూర్చోండి.

కంసాలి పిట్టని ఆకుల్లో వెతకొద్దు. చెట్టు నెత్తిన ఎండుకొమ్మ చివర చూడండి. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, పసుపు గొంతు, నుదుట కుంకుమ బొట్టు. కూసేటప్పుడు ముక్కు తెరవదు, గొంతు మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. పైగా తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది కాబట్టి, ఓసారి ఎడమ నుంచి, ఓసారి కుడి నుంచి వచ్చినట్టుంటుంది. మనం చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేస్తాం.

తోకలు ఎవరూ పీకలేదు. వానాకాలం జతకట్టే రోజులయ్యాక ఆ ఈకలు వాటంతటవే రాలిపోతాయి, ఎండాకాలానికి మళ్లీ పెరుగుతాయి. 1998 నుంచి కేబీఆర్ నేషనల్ పార్కు, రాలిన ఈక కూడా జేబులో వేసుకోకూడదు.

నవంబరు దాటనివ్వండి, నీడగా ఉన్నచోట తోకపిగిలి పిట్ట కనపడొచ్చు. ఎదిగిన మగదాని తోక దాని ఒంటికంటే పొడుగు. ఒక్కసారి చూస్తే ఆ రోజు ఆఫీసు పని సాగదు.

కేబీఆర్ రాళ్లూ తుప్పలూ ఉన్న పొడి అడవి. నీటి పిట్టల కోసమైతే అమీన్‌పూర్ చెరువుకి వెళ్లండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో ఫ్లెమింగోలు కూడా వస్తాయి.

గచ్చిబౌలి కుర్రాడు:
ఆంటీ, ఫోన్‌లో కూత ప్లే చేస్తే పిట్ట దగ్గరికొస్తుందటగా?

మోకాళ్ల నొప్పుల వాకర్:
వస్తుంది, ఎందుకు రాదు! తన చోటులోకి ఇంకో మగది దూరిందనుకుని కొట్లాటకొస్తుంది. పిల్లలకి మేత పెట్టే టైంలో దానికీ టెన్షన్ ఎందుకు? మీ ఫోటో కోసమా? వద్దు నాయనా.

కొత్త బైనాక్యులర్:
థ్యాంక్స్ అండీ. ఆదివారం అమీన్‌పూర్ వెళ్తున్నా. ఎటువైపు నిలబడాలి?

మోకాళ్ల నొప్పుల వాకర్:
ఎండ మీ వీపున పడేలా నిలబడండి. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే కనపడుతుంది. కుక్కలుంటాయి, బిస్కెట్లు చేతిలో పట్టుకుని తిరక్కండి.