ఎండకి టమాటా పూత మొత్తం రాలిపోతోంది, ఏం చేయాలి?

కొర్లగుంట మిద్దె: తిరుపతిలో మిద్దె మీద పద్నాలుగు కుండీలు పెట్టాను. ఫిబ్రవరి దాకా బాగానే కాశాయి గానీ ఇప్పుడు పూత వచ్చిన రెండు రోజులకే కాడ పసుపు తిరిగి, వేలు తగిలితే చాలు రాలిపోతోంది. రెండు పూటలా నీళ్లు పోస్తున్నా మధ్యాహ్నానికి ఆకులు వేలాడుతున్నాయి. మందేమైనా కొట్టాలా?

పీలేరు అక్క: మందు వద్దు తమ్ముడూ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె కట్టదు. మనకి మేలో 40 దాటుతుంది కదా. సగం ఎండని ఆపే 50 శాతం షేడ్ నెట్ (నీడ వల) కట్టు, మట్టి మీద రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు వెయ్యి. మధ్యాహ్నం వాడిన ఆకు సాయంత్రానికి మళ్లీ లేస్తే అది దాహం కాదు, వేలు గుచ్చి చూసి తడి ఉంటే నీళ్లు పోయొద్దు, వేర్లు కుళ్లుతాయి.

చంద్రగిరి తోట: నెట్ మొక్కలకి ఆనకుండా ఎత్తుగా కట్టండి, గాలి ఆడాలి. ఇంకోటి, ఎండలో ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, ఒక బకెట్ పక్కకి పట్టేయండి. పోయిన ఏడాది నేను నాలుగు వంగ మొక్కల్ని అలాగే ఉడకబెట్టాను!

కొర్లగుంట మిద్దె: అయ్యో, నేను పోసేది పదకొండింటికే! మరి ఇప్పుడు ఏం వేయొచ్చు?

పీలేరు అక్క: గోరుచిక్కుడు, బెండ, తోటకూర. బెండాకు అడుగున ఎర్రనల్లి, అంటే రసం పీల్చే సన్న పురుగు, చేరితే పొద్దున్నే నీళ్లతో గట్టిగా కడుగు. టమాటా అంటావా, మదనపల్లెలో మనకంటే చల్లగా ఉంటుంది, ఈ రెండు నెలలు వాళ్లని పండించనీ.