క్యోటోలో మొదటి దాంజూరోకు ఎలాంటి ఆదరణ దక్కింది?

జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి చరిత్ర తెలిసినవారు కాస్త దారి చూపగలరా? మొదటి ఇచికావా దాంజూరో (1660–1704) నట జీవితం గురించి చదువుతున్నాను. 1673లో, 14వ ఏట, ఎదో (నేటి టోక్యో) నగరంలోని నాకామురా-జా నాటకశాలలో ముఖమంతా ఎరుపు, నలుపు రంగులు పులుముకుని కింతోకి అనే మహాబలశాలి వేషం కట్టారంటారు. ఆ ఉగ్రాభినయమే ‘అరగోతో’. మిమాసుయా హ్యోగో పేరుతో నాటకాలూ రాశారు. తోటి నటుడి చేతిలో ఆయన హత్య గురించి ఎక్కడ చూసినా పుంఖానుపుంఖాలుగా ఉంది, అది వద్దు. 1694లో క్యోటోలో ఆడారు కదా, సకాతా తోజూరో సుకుమార శృంగార నటనకు అలవాటుపడ్డ ప్రేక్షకులు ఈ హుంకారాలను ఎలా చూశారు? ఆనాటి నటుల గుణదోషాలు ఎంచే పుస్తకాల్లో ఏమని రాశారు? నాకు జపనీస్ రాదు. ఇంగ్లీషు అనువాదం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.