గాజువాకలో ఏసీ సర్వీసు షాపుకి వెబ్ అడ్రస్, ఫోన్ నంబరు: ఏవి నయం?

అందరికీ నమస్కారం. గాజువాకలో ఏసీ, ఫ్రిజ్ రిపేర్ షాపు తెరుస్తున్నాం. బోర్డు, ఆటోల వెనక స్టిక్కర్లు వేయించేలోపు ఈ రెండూ ఖాయం చేసుకోవాలి.

అసలు పేచీ వెబ్ అడ్రస్ పేరులో వైజాగా, విశాఖా అన్నదే. వైజాగ్‌కి ఇంగ్లిషులో ఐదు అక్షరాలు, స్పెల్లింగు ఒక్కటే. విశాఖకి ఎస్ పక్కన హెచ్ పెట్టేవాళ్లున్నారు, కె పక్కన హెచ్ ఎగరగొట్టేవాళ్లున్నారు. ఫోన్లో విని కొడితే నాలుగు రకాలొస్తాయి. నాలుగూ కొనడం దండగే. కానీ వైజాగ్‌తో మొదలయ్యే మంచి పేర్లు చాలావరకు ఎవరో తీసేసుకున్నారు. చివర గాజువాక తగిలిస్తే దొరుకుతోంది, రేపు మధురవాడలో బ్రాంచి పెడితే ఎబ్బెట్టుగా ఉండదూ? హైఫన్ మాత్రం వద్దు, నోటితో చెప్పలేం. డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ ఖాళీగా ఉంటేనే కొంటాం. డొమైన్, అంటే ఆ వెబ్ అడ్రస్, మా ఈమెయిల్ మీదే ఉండాలి, సైటు చేసే కుర్రాడి పేరున కాదు.

నంబరుకొస్తే, 1800 టోల్ ఫ్రీకి వచ్చే ప్రతి కాల్ ఖర్చూ మనదే. చిన్న షాపుకి బరువు. మొబైల్ నంబరైతే వాట్సాప్‌కీ పనికొస్తుంది, కంపెనీ మారినా పోర్ట్ చేసుకోవచ్చు. వరసగా ఐదు సున్నాలున్నది చూడ్డానికి బాగుంటుంది గానీ, వినేవాళ్లు ఒక సున్నా మింగేస్తారు. 45 45 లాంటి జతలే నయమనిపిస్తోంది.

ఫ్యాన్సీ నంబరు ఏజెంటు దగ్గర కొన్నవాళ్లెవరైనా ఉన్నారా? డబ్బు కట్టేముందే సిమ్ మన పేరు మీదికి మార్పించుకోవడం ఎలా? పేరు మారకపోతే సిమ్ పోయిన రోజున డూప్లికేట్ రాదు. 0891 ల్యాండ్‌లైన్‌కి ఇప్పటికీ విలువుందా?