కందుకము వోలె సుజనుఁడు... 'మగుడ'నా, 'మరల'నా?

డాలస్ నుంచి:
రెండు రోజులుగా ఒక పాదం నోట్లో నానుతోంది. "కందుకము వోలె సుజనుఁడు / క్రిందంబడి ____ మీఁదికిన్నెగయుఁ జుమీ". ఖాళీలో 'మగుడ' అని నాకు గుర్తు. మా నాన్నగారు 'మరల' అని చదివేవారు. ఏది సరైన పాఠం?

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పాత ఆర్కేడ్ ఆటల పెట్టెలోని ట్రాక్‌బాల్ ఒకటి దొరికింది. అటారీ వాళ్ల మిస్సైల్ కమాండ్ (1980) లాంటి ఆటల్లో అరచేత్తో దొర్లించే బంతి. దాన్ని పాత బంతి మౌస్ బోర్డుకు కలిపాను. అడ్డంగా దొర్లిస్తే తెర మీద బాణం చక్కగా వెళ్తోంది. నిలువుగా దొర్లిస్తే మాత్రం ఒక్క అడుగు వేసి మగిడి మొదటి చోటికే వస్తోంది. ఎంత తిప్పినా అంతే. 'మగిడి' అన్న మాట మనసులో మెదిలింది, అంతే, పద్యం పట్టుకుంది.

రిటైరైన తెలుగు టీచరు:
'మగుడ' అనే. ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి అనువాదంలోది. 'మరల' నోటి వాడుకలో దూరింది. అర్థం తెలియని మాట ఉన్నచోట తెలిసిన మాట పలకడం అందరూ చేసేదే. నేను తరగతిలో ఎప్పుడూ 'మగుడ' అనే చెప్పాను.

పెద్దాపురం వాసి:
అంత గట్టిగా చెప్పడానికి ఛందస్సు సాయం రాదు మాస్టారూ. క్రిందం, బడిమగు, డమీఁది, కిన్నెగ, యుఁజుమీ. నడిమి గణం జగణం. 'మరల' పెట్టి చూడండి: బడిమర, లమీఁది. మళ్ళీ జగణమే. యతి 'క్రిం'కీ 'కి'కీ మధ్య ఉంది, ఈ మాట జోలికే రాదు. ప్రాస ఎలాగూ రెండో అక్షరం మీదే. మా సీమ కవి కాబట్టి ఈ పద్యం చిన్నప్పటి నుంచీ వింటున్నాను, రెండూ విన్నాను.

రిటైరైన తెలుగు టీచరు:
అర్థం తేలుస్తుంది. మగుడడం అంటే వెనక్కి తిరగడం. పడిన బంతి వచ్చిన దారినే పైకి వెళ్తుంది. 'మరల' అంటే ఇంకోసారి అని మాత్రమే. కవికి కావలసింది ఆ వెనుదిరగడం.

పెద్దాపురం వాసి:
మరలడమూ వెనుదిరగడమే కదండీ! 'మరలిరాని లోకాలు' అంటాం. మరలు నుంచి మళ్ళు, దాన్నుంచి మళ్ళీ. తిరుగు నుంచి తిరిగి. ఇంకోసారి అని చెప్పడానికి మనం వాడే మాటలన్నిటి కిందా ఒక మలుపు ఉంది. పైగా సంస్కృత మూలంలో 'ఉత్పతతి' అనే ఉంది, 'పునః' లేదు. ఆ మాట తెలుగు కవి సొంతంగా చేర్చుకున్నది.

విజయవాడ రేడియో మెకానిక్:
పద్యం మీరు చూసుకోండి, నేను బాణం సంగతి చెప్తాను. బంతికి ఆనుకుని రెండు రోలర్లు, ఒక్కోదాని చివర గాట్లున్న చక్రం. గాట్లలోంచి వెలుతురు పడుతూ ఆగుతూ ఉంటే రెండు సెన్సర్లు చూస్తాయి. బంతి మౌసులోనూ ఇదే ఏర్పాటు, అందుకే రెండూ కలుస్తాయి. ఒక్కో చక్రం దగ్గరి రెండు సెన్సర్ల పల్సులు పావు వంతు ఎడంతో వస్తాయి. ఏది ముందో చూసి చిప్పు దిక్కు తెలుసుకుంటుంది. ఒక సెన్సరు తీగ తెగితే, రెండోదాని పల్సు లేచినప్పుడు ఒకటి కలిపి, పడినప్పుడు ఒకటి తీసేస్తుంది. మీ బాణం అందుకే వెనక్కి వస్తోంది. మౌస్ బోర్డు మీది పాత సెన్సర్లు పీకేశారా? వాటి మూడు కాళ్లలో ఉమ్మడి కాలి రంధ్రం వదిలేసి, మిగతా రెంటికే తీగలు పోవాలి. 5 వోల్టులు, గ్రౌండ్ రెండు బోర్డులకూ ఒకటే ఉండాలి.

డాలస్ నుంచి:
పీకేశానండి. ఇప్పుడే భూతద్దం పెట్టి చూశాను. నిలువు వైపు ఒక తీగ చుట్టూ టంకం బూడిద రంగు బొట్టులా గడ్డకట్టింది, కింది రాగికి అంటనే లేదు. డ్రై సోల్డర్.

ఇది చూశాక నాకు తోచింది: ఒక తీగకు 'ఇంకోసారి' మాత్రమే తెలుసు. రెండో తీగ తోడైతేనే 'వెనక్కి' తెలుస్తుంది. మాస్టారు చెప్పే తేడా ఇదే కదా?

రిటైరైన తెలుగు టీచరు:
సరిగ్గా అదే. 'తిరిగి' అన్న మాటతోనూ ఇదే చిక్కు. "తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు"లో 'తిరిగి' అంటే ఊళ్లూ అడవులూ తిరిగి అని. పిల్లలు పరీక్షలో 'మళ్ళీ' అని రాసేవాళ్లు.

పెద్దాపురం వాసి:
ఆ తేటగీతి ఎత్తారు, ఇక నేను ఆగలేను. తివిరి, తవిలి, తిరిగి. మూడు పాదాల మొదటా మూడేసి లఘువులు, పరుగెత్తినట్టు. అసాధ్యాలు మూడూ సాధ్యమైపోతాయి. నాలుగో పాదం 'చేరి' అని గురువుతో మొదలవుతుంది. పరుగు అక్కడ ఆగుతుంది, పని కానిదీ అక్కడే. లక్ష్మణకవి చెవి అలాంటిది. అలాంటివాడు 'మగుడ' లోని 'గు'నీ 'డ'నీ ఊరికే వేయడు. పోనీ, ఈసారికి మాస్టారి వైపే మొగ్గుతాను, కానీ పాత ప్రతి చూశాకే ఒప్పుకుంటాను.

డాలస్ నుంచి:
నాన్నగారి పుస్తకం ఊళ్లో ఉంది. ఆ పేజీ ఫొటో పంపమని అన్నయ్యకు చెప్పాను.

విజయవాడ రేడియో మెకానిక్:
టంకం మళ్ళీ పెట్టారా? బాణం కదిలిందా?

డాలస్ నుంచి:
కదిలిందండి! కానీ బంతి పైకి తోస్తే బాణం కిందికి పోతోంది. ఆ రెండు తీగలూ అటుదిటు మారుస్తున్నాను.