ఆరో నెలలో ఆలివ్ నూనె అలవాటు చేస్తే అది అరవై ఏళ్ళు నిలుస్తుందా?

బొలోన్యా అమ్మ:
మేం ఇటలీలో ఉంటాం. పాపకి ఆరు నెలలు నిండాయి. పిల్లల డాక్టరు ఒక కాగితం ఇచ్చారు. బంగాళదుంప, క్యారెట్, జుకినీ (దోసకాయలా ఉండే ఒక కూరగాయ) ఉప్పు లేకుండా ఉడికించి, ఆ నీళ్ళలో బియ్యప్పిండి జావ కాచాలి. పైన ఒక చెంచా ఆలివ్ నూనె, కాస్త పార్మెజాన్ చీజ్ తురుము వేయాలి. ఇక్కడ దీన్ని ‘పాప్పా’ అంటారు. తర్వాత ఎర్ర పప్పు, చేప, మాంసం. ఈ రుచులు ఇప్పుడే పట్టిస్తే పెద్దయ్యాక కూరలూ పప్పులూ ఇష్టపడుతుందట. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యేమో ఉగ్గు మానేసి ఇదేంటని బాధపడుతున్నారు. ఈ వయసులో పెట్టినదానికి నిజంగా అంత బలం ఉందా?

గోదావరి పిల్ల:
ఉంది అక్కా. రుచి ఇంకా ముందే మొదలవుతుంది. 2001లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని, రుచి, వాసనల మీద పరిశోధన చేసే మోనెల్ కేంద్రం వాళ్ళు కొందరు తల్లులకి గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగించారు. తర్వాత ఆ పిల్లలకి క్యారెట్ కలిపిన జావ పెడితే, మిగతా పిల్లలంత మొహం చిట్లించలేదు. మా వాడికి పాలకూర నాలుక్కి తగలగానే గడ్డం మీదికి తోసేసేవాడు. ఎనిమిదోసారో తొమ్మిదోసారో గిన్నే లాక్కున్నాడు. రెండుసార్లు ఉమ్మగానే ‘మా పిల్లకి నచ్చదు’ అని తేల్చేయడమే మనం చేసే తప్పు.

లెక్కల మాస్టారు:
రుచి అలవాటవుతుంది, కాదనను. కానీ అది నిలుస్తుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపాలో 6–9 ఏళ్ళ పిల్లల్ని కొలిపిస్తే ఊబకాయంలో ముందు వరసలో ఉన్నవి సైప్రస్, గ్రీస్, ఇటలీ, స్పెయిన్. ఆలివ్ తోటలున్న దేశాలే! ఇక ఆలివ్ నూనె, కూరలు, పప్పులు, చేపలతో ఉండే ఈ మధ్యధరా దేశాల తిండి గుండెకు మేలని అందరూ చూపించే స్పెయిన్ పరిశోధన ప్రెడిమెడ్ జరిగింది 55 ఏళ్ళు దాటినవాళ్ళ మీద. దాన్ని కూడా లోపాలు బయటపడి 2018లో వెనక్కి తీసుకుని, సరిదిద్ది మళ్ళీ ప్రచురించారు. దాన్ని తెచ్చి ఆరు నెలల పాపకి అంటగట్టడం ఏం న్యాయం?

గోదావరి పిల్ల:
ఆ దేశాలవాళ్ళు పాత తిండి వదిలేశారు మాస్టారూ. తప్పు ఆలివ్ నూనెది కాదు.

లెక్కల మాస్టారు:
నేననేదీ అదేనమ్మా. పాప్పా తిన్న పిల్లలే కదా వదిలేసింది! ఆరో నెల చెంచా వాళ్ళని ఆపలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ కంచంలో ఏముందో అదే చివరికి గెలుస్తుంది.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను పోషకాహారం చదివాను. మీ ఇద్దరూ ఇనుము సంగతి మర్చిపోయారు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వ ఆరు నెలలకి తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండేది చాలదు. పప్పు మీది తేట, పల్చటి జావ పోస్తే కడుపు నిండుతుందే గానీ ఒంటికి పట్టేది తక్కువ. చెంచా వంచితే చప్పున జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి. పప్పు మెదిపి పెట్టండి, తినేవాళ్ళయితే గుడ్డు, చేప, మాంసం పెట్టండి. నూనె ఆలివ్‌దైనా, నెయ్యైనా నాకు పేచీ లేదు. చీజ్‌లో ఉప్పుంటుంది, అది మాత్రం తగ్గించండి. ఏడాది లోపు తేనె నాకించొద్దు, బొటులిజం (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు) ప్రమాదం. తల్లిపాలు రెండేళ్ళ దాకా, ఆ పైనా ఇవ్వొచ్చు.

బొలోన్యా అమ్మ:
అందరికీ థాంక్స్. మాస్టారు గారి మాట గుచ్చుకుంది. మేం తినే రాత్రి భోజనంలో కూర ఉండేది వారానికి రెండు రోజులే, మిగతా రోజులు ఊరగాయ, పెరుగు. ఇవాళ అత్తయ్య పెసరపప్పు, గుమ్మడికాయ మెత్తగా ఉడికించి మెదిపారు, నేను ఆలివ్ నూనె వేశాను. అదే పప్పులో తాలింపు పెట్టి మేమూ తిన్నాం. పాప మూడు చెంచాలు తిని నాలుగోది అత్తయ్య చీర మీద ఉమ్మేసింది. రేపు కూడా అదే పెడతాం.