ఇరాక్ పట్టికల్లో ‘తిరిగివచ్చినవారు’ ఎవరు? నిర్వాసితుల లెక్కలపై ఒక సందేహం

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, మద్దిలపాలెం

అందరికీ నమస్కారం. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇరాక్‌లో 2014 తర్వాత ఊళ్లు విడిచిన కుటుంబాలు, వాటిలో తిరిగి వెళ్లినవి నా ప్రాజెక్టు విషయం. ఐఓఎం అని పిలిచే అంతర్జాతీయ వలస సంస్థ ‘డీటీఎం’ (నిర్వాసితుల కదలికలను నమోదు చేసే వ్యవస్థ) పేరుతో విడుదల చేసే పట్టికలే నాకు ప్రధాన ఆధారం.

2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతికి చిక్కింది మొదలు, 2017 డిసెంబరులో యుద్ధం ముగిసిందని అక్కడి ప్రభుత్వం ప్రకటించే నాటికి దాదాపు 60 లక్షల మంది నిర్వాసితులయ్యారు. 2017 డిసెంబరు చివరి పట్టికలో తిరిగివచ్చినవారు 32,20,362 మంది, ఇంకా నిర్వాసితులుగానే ఉన్నవారు 26,15,988 మంది. మొదటి సంఖ్య రెండోదాన్ని దాటడం అదే తొలిసారి. 2020 చివరికి మొదటిది 48 లక్షలు దాటింది, రెండోది 12 లక్షల దరిదాపులకు దిగింది.

నిర్వాసితుల సంఖ్య ఎంత తగ్గితే తిరిగివచ్చినవారి సంఖ్య అంత పెరగాలి కదా అన్న ఊహతో నేను లెక్క మొదలుపెట్టాను. కానీ ఏ రెండు విడతల పట్టికలు తీసుకున్నా ఆ తేడాలు సరిపోవడం లేదు. సొంత ఊరికి వెళ్లి, అక్కడ ఉండలేక మళ్లీ శిబిరానికో మరో పట్టణానికో చేరిన కుటుంబాలు ఏ గడిలో ఉన్నాయో కూడా తెలియడం లేదు. ఒక పట్టికలోంచి మరో పట్టికను తీసివేయడం అసలు సరైన పద్ధతేనా?

ఇంకొక విషయం. ఛత్తీస్‌గఢ్ నుంచి చింతూరు వైపు వచ్చి స్థిరపడిన గుత్తికోయ కుటుంబాలపై పోలిక కోసం ఒక అధ్యాయం చేర్చమని మా గైడు గారు సూచించారు. ఇదే పద్ధతి అక్కడ పనికివస్తుందా?

జవాబు: విశ్రాంత గణాంక అధికారి, సీతమ్మధార

అమ్మా, మీరు ఇచ్చిన రెండు పెద్ద సంఖ్యలనూ ముందు ఆరుతో భాగించి చూడండి. శేషం రాదు. 5,36,727 కుటుంబాలు, 4,35,998 కుటుంబాలు వస్తాయి. ఇరాక్‌లో లెక్కించింది మనుషులను కాదు, కుటుంబాలను. సగటు ఇరాకీ కుటుంబంలో ఆరుగురు ఉంటారన్న ప్రభుత్వ గణాంకాన్ని పట్టుకుని ఆ సంఖ్యను ఆరుతో గుణించారు. కాబట్టి చివరి అంకె వరకు ఉన్న ఆ కచ్చితత్వం చూసి మోసపోకండి, అది గుణకారం ఇచ్చిన కచ్చితత్వం మాత్రమే.

ఆ కుటుంబాల లెక్క కూడా ఇంటింటికీ తిరిగి చేసింది కాదు. గ్రామమైతే గ్రామం, పట్టణమైతే పేట, ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో యూనిట్‌గా తీసుకున్నారు. అక్కడి ముఖ్తార్లు (మన పాతకాలపు కరణం, మునసబుల వంటి పెద్దలు), స్థానిక మండలి సభ్యులు, భద్రతాధికారులు, ఇలా 9,500 మందికి పైగా సమాచారదాతలను క్షేత్ర బృందాలు విడతల వారీగా కలిసి అడిగాయి. యుద్ధం నడుస్తున్న దేశంలో ఇంతకంటే వేగంగా, ఇంత విస్తారంగా చేయగల పద్ధతి లేదు. నాకు ఆ బృందాల మీద గౌరవమే ఉంది. కాకపోతే వారు సేకరించింది ఆ పేటను బాగా ఎరిగిన ఒక మనిషి అంచనా అన్న సంగతి మీ ప్రాజెక్టులో తప్పక రాయండి.

నిర్వచనం విషయానికి వస్తే, 2014 జనవరి తర్వాత నిర్వాసితులై తమ గ్రామానికో పేటకో తిరిగి చేరినవారందరినీ డీటీఎం తిరిగివచ్చినవారిగానే లెక్కిస్తుంది. సొంత ఇంట్లోనే ఉంటున్నారా, ఇల్లు కూలిపోయి పక్క వీధిలో బంధువుల గదిలో తలదాచుకుంటున్నారా అన్నదానితో ఆ లెక్కకు సంబంధం లేదు.

తీసివేత ఎందుకు కుదరదో చెబుతాను. ఆ పట్టికలు చూపేది ఒక తేదీన ఉన్న నిల్వను. రెండు తేదీల మధ్య 300 కుటుంబాలు వచ్చి 200 కుటుంబాలు వెళ్లిపోతే తేడా 100 అని మాత్రమే కనిపిస్తుంది, ఆ 500 ప్రయాణాలు కనిపించవు. పైగా కొందరు దేశమే దాటిపోతారు, కొందరు చేరిన పట్టణంలోనే స్థిరపడతారు. ఇవి కాక, భద్రతా కారణాల వల్ల అంతకుముందు బృందాలు వెళ్లలేకపోయిన ఊళ్లు ఒక విడతలో కొత్తగా జాబితాలోకి వస్తాయి. అక్కడి జనం ఏడాది క్రితమే వచ్చి ఉన్నా, లెక్కలో ఆ నెలలోనే వచ్చినట్లు తేలుతుంది. మీ పట్టికలో ఎక్కడైనా హఠాత్తుగా పెరుగుదల కనిపిస్తే, ముందు ఆ విడతలో ఎన్ని కొత్త ప్రాంతాలు చేరాయో చూడండి, కారణాలు తర్వాత వెతకవచ్చు.

అన్నిటికంటే ఇబ్బందిపెట్టేది చీలిన కుటుంబం. ఇంటి గోడలు నిలబెట్టడానికో, పొలం ఇతరుల పాలు కాకుండా చూడడానికో తండ్రి, పెద్దకొడుకు ముందు వెళతారు, తల్లి, పిల్లలు బడి కోసం శిబిరంలోనే ఉంటారు. ఊళ్లో ముఖ్తార్ ఆ కుటుంబం వచ్చిందంటాడు, శిబిరం నిర్వాహకుడు ఇక్కడే ఉందంటాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. గుణకారం ఆరు చొప్పున రెండుచోట్లా పడితే ఆరుగురు పన్నెండుగురవుతారు.

ఈ లోపాలు తెలిసే, ఐఓఎం 2018లో ‘రిటర్న్ ఇండెక్స్’ అనే సూచీని ప్రారంభించింది. జీవనోపాధి, కనీస సేవలు ఒక వైపు, భద్రత, సామాజిక సామరస్యం మరో వైపు పెట్టి, మొత్తం 16 సూచికలతో తిరిగివచ్చిన ప్రాంతాల పరిస్థితిని అది కొలుస్తుంది. ఎంతమంది వచ్చారన్న పట్టిక పక్కన ఎలాంటి చోటికి వచ్చారన్న ఈ పట్టికను పెట్టకపోతే మీ అధ్యాయం సగమే అవుతుంది.

మన ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు జనం పల్లెలకు తరలిపోయారు. ఆ వెళ్లడం గురించి పెద్దలు ఎన్నో కథలు చెబుతారు. ఎవరు ఎప్పుడు తిరిగి వచ్చారన్న దగ్గరికి వచ్చేసరికి కథ ఆగిపోతుంది. వెళ్లడం ఒక్క రోజున జరుగుతుంది, రావడం నెలల తరబడి, విడివిడిగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. లెక్కలోనూ కష్టమంతా రెండోదానితోనే.

జవాబు: సహాయ సంస్థల డేటా విభాగంలో పనిచేసిన ఉద్యోగి, గాజువాక

సార్ చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నాను. నేను కొంతకాలం దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో పనిచేశాను. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైన తర్వాత, సరిహద్దులోని జోడా మీదుగా దక్షిణ సూడాన్‌లోని రెంక్ పట్టణానికి జనం రావడం ప్రారంభమైంది. 2025 జనవరి నాటికి ఆ యుద్ధం వల్ల దక్షిణ సూడాన్‌లోకి వచ్చినవారి సంఖ్య పది లక్షలు దాటింది. ఇరాక్ పద్ధతికి భిన్నంగా ఇక్కడ సరిహద్దు దగ్గర మనుషులు దాటుతుండగానే లెక్కిస్తారు. సార్ మాటల్లో చెప్పాలంటే ఇది నిల్వ కాదు, ప్రవాహం. దీని చిక్కులు దీనికున్నాయి. ఒకే మనిషి సరుకుల కోసం రెండుసార్లు దాటవచ్చు, లెక్కించేవారు లేని కాలిబాటలోనూ రావచ్చు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. అలా వచ్చినవారిలో ఎక్కువమందిని ‘తిరిగివచ్చినవారు’ అనే గడిలో రాశారు, ఎందుకంటే వారి పౌరసత్వం దక్షిణ సూడాన్‌ది. ఆ దేశం ఏర్పడిందే 2011 జులై 9న. ఖార్టూమ్‌లో పుట్టి పెరిగి, అంతకుముందెన్నడూ ఆ నేల తొక్కని యువకుడు కూడా ‘తిరిగి’ వచ్చినవాడే. చూడని ఊరికి ఎవరైనా ఎలా తిరిగివస్తారని అడగవచ్చు. అయితే కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు తెలిసిన మనకు ఇది వింత కాకూడదు. 1962లో సైనికాధికారి నె విన్ బర్మాలో అధికారంలోకి వచ్చి, ఆ తర్వాత వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు బర్మా విడిచి వచ్చిన కాందిశీకుల్లో రంగూన్‌లో పుట్టినవారూ ఉన్నారు. కాగితాల మీద వారంతా స్వదేశానికి వచ్చినవారే.

అందువల్ల ఇరాక్‌లో సొంత ప్రాంతాన్ని బట్టి, దక్షిణ సూడాన్‌లో పౌరసత్వాన్ని బట్టి లెక్కించిన సంఖ్యలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టవద్దని నా మనవి. ఉక్రెయిన్‌ది మళ్లీ వేరు. అక్కడ 2022 మార్చి నుంచి ఐఓఎం యాదృచ్ఛికంగా ఎంచిన ఫోన్ నంబర్లకు కాల్ చేసి, సుమారు రెండు వేల మంది జవాబుల నుంచి దేశం మొత్తానికి అంచనా కట్టింది. మొదటి విడతలో వచ్చిన 64.8 లక్షల మంది నిర్వాసితుల సంఖ్య అలాంటిదే. దాదాపు అందరి చేతిలో ఫోనున్న దేశంలో అది కుదురుతుంది. ఫోన్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చింతూరు అడవుల్లో కుదరదు.

జవాబు: గిరిజన హక్కుల కేసులు చూసే న్యాయవాది, ఎం.వి.పి. కాలనీ

మీ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబిస్తాను.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం (ప్రభుత్వ అండతో మావోయిస్టులకు వ్యతిరేకంగా సాయుధ దళాలతో నడిచిన ఉద్యమం) మొదలైనప్పుడు అప్పటి దంతెవాడ జిల్లాలోని కొన్ని గ్రామాల వారిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు, మరికొందరు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ సాయుధ దళాల ఏర్పాటును తప్పుపట్టి రద్దు చేయించింది. కానీ వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

అక్కడ లెక్కించబోయే వారికి ఎదురయ్యే మొదటి ఇబ్బంది పటంలోనే ఉంది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు 2014 వరకు ఖమ్మం జిల్లాలో, తర్వాత తూర్పు గోదావరిలో ఉండి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. జిల్లా పేరుతో వెతికితే ఒకే ఆవాసం మూడు కాలాల్లో మూడు చోట్ల కనిపిస్తుంది. గుత్తికోయల ఆవాసాలు చాలావరకు అటవీ భూమిలో ఉన్నవి, రెవెన్యూ గ్రామాల జాబితాలో వాటికి చోటే లేదు. పైగా ఈ మండలాల్లో పోలవరం ముంపు గ్రామాలున్నాయి. ఎవరు దేనివల్ల కదిలారన్నది విడదీయడం అంత సులువు కాదు.

అంతకంటే ముఖ్యమైనది తేదీ. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమి మీదే హక్కు కోరవచ్చు. అదే చట్టంలోని మూడో సెక్షన్ ఆ తేదీకి ముందు పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కు ఇస్తుంది. సల్వాజుడుం మొదలైన ఆరు నెలలకే ఆ గడువు తేదీ వచ్చిందని గమనించండి. కాబట్టి ‘మీరు ఎప్పుడు వచ్చారు?’ అన్నది మీకు సర్వే ప్రశ్నే గానీ, ఆ కుటుంబానికి భూమి ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న. ‘తిరిగి వెళతారా?’ అని అడిగితే ఖాళీ చేయించడానికి వచ్చారని అనుకుంటారు. ఇరాక్‌లో ముఖ్తార్‌ను అడిగినట్లు ఇక్కడ ఊరిపెద్దను అడిగి రాసుకుంటే, ఆ కాగితం ఎవరి చేతికి చేరుతుందన్న భయం ఆ పెద్దకూ, ఆ కుటుంబాలకూ ఉంటుంది. నా మాట వింటే ఆవాసాల పేర్లతో పట్టిక తయారుచేయనే వద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మేడమ్, ఆవాసాల పేర్లు రాయకపోతే గైడు గారు ఒప్పుకుంటారు. కానీ అసలు లెక్కే వద్దంటే అధ్యాయంలో ఏముంటుందన్నది నా సందేహం.

జవాబు: విశ్రాంత గణాంక అధికారి, సీతమ్మధార

న్యాయవాది గారి హెచ్చరికను నేను పూర్తిగా అంగీకరిస్తాను, ముగింపును మాత్రం అంగీకరించలేను. లెక్కకు రానివారికి బడ్జెట్‌లోనూ చోటు ఉండదు. 2011 జనగణనలో వలసకు కారణం అడిగినప్పుడు ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టిన తర్వాత మారడం, కుటుంబంతో పాటు మారడం అనే గడులున్నాయి. ఇల్లు తగలబడి పారిపోయి వచ్చానని చెప్పినవాడు ‘ఇతరాలు’ అన్న గడిలో పడ్డాడు. మణిపూర్‌లో 2023లో జరిగిన 67,000 స్థానభ్రంశాల సంఖ్య కూడా మనకు జెనీవాలోని అంతర్గత స్థానభ్రంశ పర్యవేక్షణ కేంద్రం నివేదికలోనే దొరుకుతుంది.

తిరిగి వెళ్లడాన్నే పరిష్కారంగా భావించి లెక్కించడం వల్ల వచ్చే చిక్కు మరొకటి ఉంది. అంతర్గత నిర్వాసితులపై 1998లో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన మార్గదర్శక సూత్రాల్లోనే స్వచ్ఛందంగా తిరిగి వెళ్లడంతో పాటు మరోచోట స్థిరపడే వీలు కూడా ఉంది. 1997లో మిజోరం విడిచి త్రిపురకు వచ్చిన బ్రూ అనే గిరిజన తెగ కుటుంబాలను విడతలు విడతలుగా వెనక్కి పంపే ప్రయత్నాలు చాలాకాలం జరిగాయి. చివరకు 2020 జనవరి ఒప్పందం దాదాపు 34,000 మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి అంగీకరించింది. తిరిగివచ్చినవారి గడి మాత్రమే ఉన్న పట్టికలో అలాంటి ఒప్పందానికి సున్నా మార్కులు పడతాయి.

కాబట్టి అమ్మా, ఇరాక్ అధ్యాయంలో తీసివేతలు మానేసి, ఒక్కో విడతలో నిల్వలు ఎంతో, కొత్తగా చేరిన ప్రాంతాలు ఎన్నో, రిటర్న్ ఇండెక్స్‌లో తీవ్ర పరిస్థితుల ప్రాంతాల్లో ఉన్నవారు ఎంతమందో మూడు వరుసల్లో ఇవ్వండి. మనుషుల సంఖ్య రాసిన ప్రతిచోటా కుటుంబాల సంఖ్యను కూడా ఇవ్వండి. చింతూరు అధ్యాయంలో కొత్త సర్వే చేయకండి. మండల స్థాయికి మించి వివరం లేకుండా, ఇప్పటికే బహిరంగంగా ఉన్న కోర్టు పత్రాలు, జాతీయ మానవ హక్కుల కమిషన్ నివేదికల ఆధారంగా, ఎవరు ఏ అవసరం కోసం ఎవరిని లెక్కించారో, ఎవరిని వదిలేశారో రాయండి.

జవాబు: న్యాయవాది, ఎం.వి.పి. కాలనీ

ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. రాత్రిపూట ఉపగ్రహాలకు కనిపించే వెలుగుల ఆధారంగా సిరియాలో జనం కదలికలను అంచనా వేసిన పద్ధతిని ఎవరైనా మీకు సూచించవచ్చు. కరెంటు స్తంభమే లేని ఆవాసాలకు అది వర్తించదని ముందే చెబుతున్నాను. ముసాయిదా పూర్తయ్యాక చింతూరు భాగాన్ని నాకు ఒకసారి చూపించండి.