విమానంలో సైకిల్ తీసుకెళ్తే స్పోర్ట్స్ చార్జీ, బరువు చార్జీ రెండూ కట్టాలా? ముందే లెక్క తేల్చుకోవడం ఎలా?

మియాపూర్ రైడర్ (ప్రశ్న)

నమస్తే అండీ. హైదరాబాద్ నుంచి గోవాకి రోడ్ బైక్ తీసుకెళ్లాలి. వెళ్లేది డైరెక్ట్ ఫ్లైట్, తిరుగు ప్రయాణం వేరే ఎయిర్‌లైన్‌లో. సైకిల్ బరువు 8.6 కిలోలు. ట్రావెల్ యాప్‌లో టికెట్ ధర, 15 కిలోల చెక్-ఇన్ కనిపిస్తున్నాయి కానీ సైకిల్ ఊసే లేదు. ఎయిర్‌లైన్ సైట్‌లో మాత్రం ‘స్పోర్ట్స్ ఎక్విప్‌మెంట్’ అని ఒక ఆడ్-ఆన్ ఉంది. అది కొంటే సైకిల్ బరువు కూడా అందులోనే పోతుందా, లేక 15 కిలోల్లోకి వస్తుందా? హార్డ్ కేస్ కొనాలా, అట్టపెట్టె చాలా? డబ్బు కట్టాక కౌంటర్‌లో మళ్లీ అడగకుండా ఉండాలంటే ఏం చేయాలి?

టికెట్ లెక్కలు

మీ మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న అండీ. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. స్పోర్ట్స్ చార్జీ రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది హ్యాండ్లింగ్ చార్జీ. పెద్ద పెట్టెను బెల్ట్ మీద కాకుండా మనిషి మోసుకెళ్లి ఎక్కించినందుకు తీసుకునే డబ్బు అన్నమాట. ఇది కట్టినా బరువు మీ 15 కిలోల్లోనే లెక్కవుతుంది, దాటితే ఎక్సెస్ బ్యాగేజీ విడిగా కట్టాలి. రెండోది బరువు కూడా కలిపిన చార్జీ, అంటే ఫలానా కిలోల వరకు ఒక పీస్ అని. సైట్‌లో రెండింటికీ పేరు ఒకటే కనిపిస్తుంది. తేడా తెలిసేది కండిషన్స్‌లోని ఒక్క వాక్యంలో. ‘ఓవర్ అండ్ అబవ్ బ్యాగేజీ అలవెన్స్’ అని ఉంటే బరువు విడిగా ఇచ్చినట్టు. ‘పార్ట్ ఆఫ్ చెక్-ఇన్ అలవెన్స్’ అని గానీ, ‘ఎక్సెస్ చార్జెస్ విల్ అప్లై’ అని గానీ ఉంటే, బరువు దాటినప్పుడు రెండు బిల్లులు పడతాయి. ఆ వాక్యం కనబడేదాకా డబ్బు కట్టొద్దు.

మీ లెక్కే వేసి చూద్దాం. సైకిల్ 8.6, అట్టపెట్టె మూడున్నర, ఫోమ్, టూల్స్ కలిపి ఇంకో కిలో. మొత్తం 13 కిలోల చిల్లర, అంటే 15లో సరిపోతుంది. అదే హార్డ్ కేస్ అయితే ఖాళీ పెట్టే 11, 12 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం 21 కిలోలకు అటూఇటూ అవుతుంది. హ్యాండ్లింగ్ రకం చార్జీ ఉన్న ఎయిర్‌లైన్‌లో సుమారు ఆరు కిలోల ఎక్సెస్ అదనం, అదీ వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఎక్సెస్ తప్పదనుకుంటే ముందే ఆన్‌లైన్‌లో అదనపు కిలోల స్లాబ్ కొనండి. కౌంటర్‌లో కిలో లెక్కన తీసుకునే రేటు దానికంటే ఎక్కువ ఉంటుంది.

ఇక యాప్‌లో ఎందుకు కనబడదంటే, చాలా యాప్‌లు అమ్మేది ఫేర్, సీటు, మీల్, కిలోల స్లాబులు, అంతే. స్పోర్ట్స్ చార్జీ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో, అదీ ప్రయాణికుల వివరాలు నింపాక వచ్చే ఆడ్-ఆన్స్ పేజీలో బయటపడుతుంది. అందుకే టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్ సైట్‌లో అదే తేదీ, అదే ఫ్లైట్ పెట్టి పేమెంట్ పేజీ దాకా వెళ్లండి. స్పోర్ట్స్ ఆడ్-ఆన్ టిక్ చేసి మొత్తం ఎంతవుతుందో చూసి, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకుని, డబ్బు కట్టకుండా బయటికి రండి. రెండు ఎయిర్‌లైన్లకీ ఇలా చేశాకే ఏది చవకో తెలుస్తుంది. ఫేర్ తక్కువని కొన్న టికెట్ సైకిల్ కలిపేసరికి ఖరీదైపోవడం మామూలే.

నియమాల సంగతి కూడా తెలిసి ఉండాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సర్క్యులర్ ప్రకారం స్పోర్ట్స్ సామాన్లకు విడిగా డబ్బు తీసుకోవచ్చు. సీటు, భోజనం, చెక్-ఇన్ బ్యాగేజీ, సంగీత వాయిద్యాలు కూడా ఆ జాబితాలోనివే. షరతు ఏంటంటే అది ఆప్ట్-ఇన్ పద్ధతిలో ఉండాలి, మీరు టిక్ పెడితేనే చార్జీ పడాలి. ఎంత తీసుకోవాలనేది మాత్రం ఎయిర్‌లైన్ ఇష్టం, అందులో రేటు ఏమీ కట్టలేదు. అందుకే ఒక్కో చోట ఒక్కో ధర. ధరలో కొంత దాచి చివర్లో బయటపెట్టడాన్ని ‘డ్రిప్ ప్రైసింగ్’ అంటారు. 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ పాటర్న్స్ (కొనేవాళ్లని తప్పుదోవ పట్టించే వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 రకాల్లో అదొకటి. సైట్‌లో ఒక రేటు చూపి కౌంటర్‌లో ఇంకోటి అడిగితే స్క్రీన్‌షాట్, రసీదు జతచేసి పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

చివరి ప్రశ్నకి వస్తే, ఆడ్-ఆన్ కొన్నాక మీ పీఎన్ఆర్‌లో ఒక ఎస్ఎస్ఆర్ (స్పెషల్ సర్వీస్ రిక్వెస్ట్, అంటే ప్రత్యేక సేవ కోరినట్టు నమోదు) పడాలి. సైకిల్‌కి కోడ్ ‘బైక్’, మిగతా స్పోర్ట్స్ సామాన్లకు ‘ఎస్‌పీఈక్యూ’. దాని పక్కన స్టేటస్ ‘హెచ్‌కే’ ఉంటే ఖాయమైనట్టు. ‘హెచ్ఎన్’ లేదా ‘పీఎన్’ ఉంటే ఇంకా అడిగిన స్థితిలోనే ఉంది, డబ్బు కట్టినా సరే. కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి ఆ స్టేటస్ చదివి వినిపించమనండి, అదే మాట మెయిల్‌లో పంపమని అడగండి. నోటిమాట కౌంటర్‌లో చెల్లదు.

గేర్ మెకానిక్

పెట్టె గురించి నేను చెప్తాను. 15 కిలోల టికెట్‌కి అట్టపెట్టెనే మేలు. సైకిల్ షాపుల్లో కొత్త బండ్లు వచ్చిన పెట్టెలు అడిగితే ఇస్తారు, ఐదు పొరల అట్ట ఉన్నది తీసుకోండి. సుమారు 137 × 76 × 20 సెంటీమీటర్లు ఉంటుంది, మూడూ కూడితే 233. మామూలు బ్యాగ్‌కి చాలాచోట్ల పరిమితి 158 కాబట్టి ఏ ఎయిర్‌లైన్‌కైనా ఇది ఓవర్‌సైజే. ముందు రోజే కొలతలు రాసిపెట్టుకోండి, ఆడ్-ఆన్ కండిషన్స్‌లో గరిష్ఠ పొడవు ఇస్తే దాంతో సరిచూడండి.

ప్యాకింగ్‌లో పెడల్స్ ముందు తీయండి. ఎడమ పెడల్ మర ఉల్టా, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. మామూలుగా తిప్పి బిగించేసి క్రాంక్ మర పాడుచేసేవాళ్లు ఎక్కువ. వెనక డీరైల్యూర్‌ని (గేర్లు మార్చే భాగం) 5 ఎంఎం ఆలెన్ కీతో హ్యాంగర్ (దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) నుంచి విప్పి, బబుల్ ర్యాప్ చుట్టి, చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేమ్ గొట్టాలు) మధ్యకి లోపలికి కట్టండి. ఇదొక్కటీ చేయకపోతే పెట్టె పక్కకి పడినప్పుడు హ్యాంగర్ వంగిపోతుంది, గేర్లు సెట్ కావు. స్పేర్ హ్యాంగర్ ఒకటి దగ్గర పెట్టుకోండి, మీ ఫ్రేమ్‌కి సరిపోయేది గోవాలో వెతుక్కుంటే రోజు పోతుంది. ముందు చక్రం తీశాక ఫోర్క్ చివర్ల మధ్య 100 ఎంఎం ప్లాస్టిక్ స్పేసర్ పెట్టండి, అది కూడా షాపులో ఊరికే దొరుకుతుంది. డిస్క్ బ్రేక్ అయితే ప్యాడ్ల మధ్య స్పేసర్ తప్పనిసరి, లేకపోతే ఎవరైనా లీవర్ నొక్కగానే పిస్టన్లు బయటికి వచ్చి ప్యాడ్లు అతుక్కుంటాయి. సీట్‌పోస్ట్ ఎత్తుకి ఇన్సులేషన్ టేప్ గుర్తు పెట్టుకోండి.

టైర్లలో గాలి పూర్తిగా తీసేయకండి, రిమ్‌కి రక్షణ పోతుంది. సామాన్ల అర కూడా ప్రెషరైజ్డే. క్యాబిన్ ప్రెషర్ 8,000 అడుగుల ఎత్తుకి సమానంగా పడిపోయినా టైర్‌కి అదనంగా పడేది మూడున్నర పీఎస్ఐ చిల్లర, దానికి టైర్ పేలదు. అయినా ఎయిర్‌లైన్లు గాలి తగ్గించమంటాయి కాబట్టి సగం ఉంచండి.

టైర్‌లో గాలి నింపే సీఓ2 కార్ట్రిడ్జ్‌లు పెట్టకండి. అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల సంఘం ఐఏటీఏ నిబంధనల్లో 50 మిల్లీలీటర్ల లోపువి నాలుగు దాకా తీసుకెళ్లొచ్చు, కానీ ఎయిర్‌లైన్ అనుమతి ముందే ఉండాలి. అది లేకపోతే ఎక్స్‌రేలో కనబడగానే పెట్టె విప్పిస్తారు, మీరు వేసిన టేపంతా వృథా. చిన్న హ్యాండ్ పంప్ చాలు. ఎలక్ట్రానిక్ గేర్ల ఊడదీసే బ్యాటరీలు, లైట్లు, పవర్‌బ్యాంక్ క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టండి. ఈ-బైక్ బ్యాటరీలు చాలావరకు 160 వాట్-అవర్లు దాటతాయి, అవి ప్యాసింజర్ విమానంలో ఎక్కడా కుదరవు.

నిజాంపేట అమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి క్రికెట్ కిట్ తీసుకుని డాలస్ వెళ్తున్నాడు. టికెట్‌లో 23 కిలోల బ్యాగులు రెండు అని ఉంది. చక్రాల కిట్ బ్యాగ్‌ని ఒక బ్యాగుగా ఒప్పుకుంటారా?

ఫ్రిస్కో లెఫ్టార్మ్

బరువు సమస్య కాదండీ, కొలత సమస్య. చక్రాలు, హ్యాండిల్ కలిపి పొడవు, వెడల్పు, ఎత్తు కూడితే 158 సెంటీమీటర్లు దాటకూడదు. చక్రాల కిట్ బ్యాగులు 95 × 35 × 35 దాకా ఉంటాయి, అంటే 165. ఏడు సెంటీమీటర్ల కోసం ఓవర్‌సైజ్ చార్జీ పడుతుంది. ఫుల్ సైజ్ షార్ట్ హ్యాండిల్ బ్యాట్ పొడవు 85, 86 సెంటీమీటర్లే కాబట్టి 90 పొడవున్న, చక్రాల్లేని డఫుల్ బ్యాగ్ సరిపోతుంది. 90 × 35 × 33 అంటే సరిగ్గా 158. ప్యాడ్స్ అడుగున పరిచి, మధ్యలో బ్యాట్లు, హెల్మెట్ గ్లవ్స్‌తో నింపి ఒక కొసకి పెట్టండి. బ్యాగ్ ఉబ్బకుండా బయట రెండు బెల్టులు బిగించండి. ఉబ్బితే కౌంటర్‌లో కొలత టేపు పెట్టేది ఉబ్బిన చోటే. బ్యాట్ క్యాబిన్‌లోకి మాత్రం రానివ్వరు, ఇక్కడైనా అక్కడైనా.

అమెరికా టికెట్లకు ఒక మేలు ఉంది. ఒకే టికెట్ మీద రెండు మూడు ఎయిర్‌లైన్లు మారినా ప్రయాణం మొత్తానికి ఒకే బ్యాగేజీ నియమం వర్తించాలని అక్కడి రవాణా శాఖ నిబంధన. ఈ-టికెట్‌లో మొదటి, రెండో బ్యాగ్ చార్జీలు రాసి ఉండాలి, మిగతా ఐచ్ఛిక చార్జీలన్నీ ఒక పేజీలో పెట్టి హోమ్‌పేజీ నుంచి లింక్ ఇవ్వాలి. స్పోర్ట్స్ వివరాలు దొరికేది ఆ పేజీ నుంచే, ఈ-టికెట్‌లో వెతక్కండి. టికెట్ ధర పక్కనే చార్జీలు చూపాలని 2024లో తెచ్చిన కొత్త నియమాన్ని ఆ జూలైలోనే అప్పీల్ కోర్టు నిలిపేసింది. అందులో ఉన్నది కూడా మొదటి రెండు బ్యాగులు, క్యారీ-ఆన్, మార్పు, రద్దు చార్జీలే, స్పోర్ట్స్ సామాన్లు లేవు. కొన్ని అమెరికన్ ఎయిర్‌లైన్లు 2019లో సైకిల్ ప్రత్యేక చార్జీ తీసేసి మామూలు బ్యాగ్ రేటే పెట్టాయి, కానీ 23 కిలోలు దాటితే ఓవర్‌వెయిట్ మామూలే. 32 దాటిన పీస్‌ని చాలాచోట్ల అసలు తీసుకోరు.

అక్కడి జాబితాల్లో హాకీ, లాక్రాస్, బేస్‌బాల్ పేర్లు ఉంటాయి, క్రికెట్ పేరు చాలాసార్లు ఉండదు. అందుకే స్పోర్ట్స్ మినహాయింపు మీద ఆశ పెట్టుకోకుండా 158లో ఇమిడేలా సర్దడమే నయం.

మియాపూర్ రైడర్

చాలా థ్యాంక్స్ అందరికీ. తిరుగు ప్రయాణంలో డైరెక్ట్ దొరక్కపోతే మధ్యలో ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్) విమానం పడొచ్చు. ఇబ్బందా? కౌంటర్‌లో ఏదో ట్యాగ్ మీద సంతకం పెట్టించుకుంటారట, అదేంటి?

టికెట్ లెక్కలు

ఏటీఆర్ అయితే టికెట్ కొనకముందే అడగండి. సామాన్ల అర చిన్నది, సైకిల్ పెట్టె పట్టకపోతే తర్వాతి ఫ్లైట్‌లో పంపుతారు, లేదా తీసుకోనే తీసుకోరు. ‘బైక్’ ఎస్ఎస్ఆర్ ఆ సెక్టార్‌కి (ప్రయాణంలో ఆ ఒక్క ఫ్లైట్‌కి) విడిగా హెచ్‌కే కావాలి. రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లైతే స్పోర్ట్స్ చార్జీ రెండుసార్లు కట్టాలి, మధ్యలో పెట్టె దింపుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి.

మీరు చెప్పేది లిమిటెడ్ రిలీజ్ ట్యాగ్. ‘ప్యాకింగ్ సరిపోదు, పాడైతే బాధ్యత మాది కాదు’ అనే గడికి టిక్ పెట్టి సంతకం అడుగుతారు. సంతకం పెట్టేముందు ఏ గడికి టిక్ పెట్టారో చదవండి. ‘ప్యాకింగ్ సరిపోదు’ గడికి టిక్ ఉంటే అది సామాను పాడవడానికి సంబంధించింది, పెట్టె పోయినా ఆలస్యమైనా ఎయిర్‌లైన్ బాధ్యత అలాగే ఉంటుంది. మూత వేసే ముందు లోపల ఫొటోలు, వేశాక నాలుగు పక్కలా ఫొటోలు తీసుకోండి. పెట్టెను ఓవర్‌సైజ్ ఎక్స్‌రే దగ్గరికి మీరే తీసుకెళ్లాలి, అక్కడ విప్పమంటే మళ్లీ మూయడానికి టేపు చేతిలో ఉంచుకోండి. రెండున్నర గంటల ముందు చేరండి.

గోవాలో దిగాక పెట్టె బెల్ట్ మీద రాదు, ఓవర్‌సైజ్ తలుపు దగ్గర ఇస్తారు. అక్కడే తెరిచి హ్యాంగర్, ఫోర్క్, చక్రాలు చూడండి. ఏదైనా విరిగితే ఎయిర్‌పోర్ట్ దాటకముందే ఎయిర్‌లైన్ దగ్గర పీఐఆర్ (ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, అంటే సామాను ఫిర్యాదు పత్రం) రాయించి నంబర్ తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణమైతే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకి ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు అందాలి, ఆలస్యానికైతే 21 రోజులు. బాధ్యత పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల్లో వాడే ప్రమాణం). దేశీయ ప్రయాణంలో పరిమితి అంతకంటే చాలా తక్కువ, కార్బన్ ఫ్రేమ్ ధరకి ఏ మూలకీ రాదు. ఖరీదైన సైకిల్ అయితే విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి, అందులో విమాన రవాణా కవర్ అవుతుందో లేదో పాలసీలో చూసుకోండి.